పనివాళ్లే పత్తేదార్లు: విక్టోరియా కాలపు సరదా అపరాధ పరిశోధన కథ రాసే పద్ధతి

విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండులో ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో ఒక నేరం జరుగుతుంది. దాని కూపీ లాగేది పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు, పేరుమోసిన డిటెక్టివూ కాదు. ఆ ఇంట్లో గదులూడ్చే అమ్మాయో, వంటమనిషో, తలుపు తీసే నౌకరో. నెత్తురు కంటబడకుండా, నవ్వుకుంటూ చదువుకోవడానికి వీలుగా సాగే ఈ రకం కథలకు కోజీ మిస్టరీలని పేరు. వీటిని రాయదలచినవారు మొదట ఒక సంగతి మనసులో ఉంచుకోవాలి. పనిమనిషిని పరిశోధకురాలిగా పెట్టినంత మాత్రాన కథ కుదరదు. ఆమె రోజూ చేసే పనిలోంచే ఆధారం పుట్టాలి. ఎవరికైనా దొరికే ఆధారాన్నే ఆమెకు దొరికించి, ఎవరైనా చేయగల ఊహనే ఆమె చేత చేయిస్తే, ఆమె చేతిలోని చీపురు వేషానికి పనికొచ్చే వస్తువుగా మిగిలిపోతుంది.

ఇది కల్పనకు మాత్రమే చెల్లే సూత్రమనుకోనక్కరలేదు. 1860 జూన్ చివర్లో విల్ట్‌షైరులోని రోడ్ హిల్ హౌస్‌లో ఒక పసివాడు హత్యకు గురైనప్పుడు, స్కాట్లండ్ యార్డు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ జొనాథన్ విచర్ తన అనుమానాన్నంతా ఒక రాత్రి దుస్తు మీద నిలిపాడు. ఆ ఇంటి కూతురు కాన్‌స్టెన్స్ కెంట్‌కు ఉండవలసిన రాత్రి దుస్తులు మూడు. వాటిలో ఒకటి కనబడలేదు. చాకిరేవుకు వేసే బట్టలను లెక్కపెట్టి పుస్తకంలో రాయించి బుట్టలో సర్దిన పనమ్మాయి, ఆ బుట్టను అందుకున్న చాకలావిడ, వీళ్లిద్దరి మాటల మధ్య తేడా దగ్గరే కేసంతా చిక్కుకుంది. అప్పట్లో విచర్ మాట ఎవరూ నమ్మలేదు. 1865లో కాన్‌స్టెన్స్ తానే నేరం ఒప్పుకుంది. ఆ ఉదంతంలోని విషాదం మన కథలకు పనికిరాదు, పసిబిడ్డల చావును సరదా కథల్లోకి ఎన్నడూ తేకూడదు. అక్కడినుంచి మనం తీసుకోవలసింది చాకలిపద్దు ఒక్కటే. ఇంటి యజమానికి తన కూతురి రాత్రి దుస్తులెన్నో తెలియదు, బట్టలు లెక్కపెట్టే అమ్మాయికి తెలుసు.

ముందు సంవత్సరం తేల్చుకోవాలి

విక్టోరియా 1837 నుంచి 1901 వరకు ఏలింది. ఆ అరవై నాలుగేళ్లను ఒకే ముద్దగా భావించి, పొగమంచూ గుర్రబ్బగ్గీలూ నాలుగు చల్లి, ఎప్పుడో ఒకప్పుడు జరిగిందన్నట్టు రాయడం ఈ రకం కథల్లో తరచు కనబడే లోపం. కథ ఫలానా ఏడాదిలో జరుగుతోందని మొదటే తేల్చుకుంటే ఎన్నో చిక్కులు వాటంతటవే విడిపోతాయి. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు 1829లో ఏర్పడినా డిటెక్టివ్ శాఖ 1842లో గానీ రాలేదు, సి.ఐ.డి. 1878లో వచ్చింది. ఒక పెన్నీకే ఉత్తరం పంపే సౌకర్యం 1840 నుంచి ఉంది. లండన్‌లో టపా రోజుకు ఎన్నో విడతలుగా వచ్చేది గనుక, పొద్దున రాసిన చీటీకి సాయంత్రానికే జవాబు రావడాన్ని కథలో నిస్సంకోచంగా వాడుకోవచ్చు. టెలిఫోను ఎక్స్చేంజి 1879లో మొదలైనా మామూలు ఇళ్లలోకి అది రావడానికి చాలా కాలం పట్టింది.

విషప్రయోగం పెట్టదలచుకుంటే 1851 నాటి చట్టాన్ని మరచిపోకూడదు. ఆ ఏడాది నుంచి ఆర్సెనిక్ కొనేవాళ్ల పేరు, ఊరు, దేనికోసం కొంటున్నారో దుకాణదారు పుస్తకంలో రాసుకుని సంతకం తీసుకోవాలి. చిన్న మొత్తాల్లో అమ్మేదానిలో మసి గానీ నీలిమందు గానీ కలిపి అమ్మాలి. అయితే ఈగల్ని చంపే కాగితాల్లో కూడా ఆర్సెనిక్ ఉండేది. 1889లో లివర్‌పూల్‌లో ఫ్లోరెన్స్ మేబ్రిక్ విచారణలో ఆ కాగితాలు నీళ్లలో నానబెట్టి ఉండగా చూశామని చెప్పినవాళ్లు ఇంటి పనివాళ్లే. ఆకుపచ్చ రంగు గోడకాగితంలోంచి వచ్చే విషం మాత్రం ఇప్పటికే ఎన్నో కథల్లో అరిగిపోయింది, దాన్ని వదిలేయడం మంచిది.

వేలిముద్రల జోలికి అసలు పోవద్దు. వాటిని పాలనావసరాలకు వాడిచూడడం 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ మొదలుపెట్టాడు. వాటిని వర్గీకరించే పద్ధతి అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషితో కలకత్తాలో రూపుదిద్దుకుని, 1897లో అక్కడ కార్యాలయంగా స్థిరపడింది. స్కాట్లండ్ యార్డుకు ఆ శాఖ 1901లో గానీ రాలేదు. అంటే విక్టోరియా కాలపు లండన్ కథలో వెండి పళ్లెం మీద వేలిముద్ర ఎవరికైనా కనబడితే, అది తుడవవలసిన మరక మాత్రమే. సరిగ్గా ఈ లేమి వల్లనే పనమ్మాయి కన్నుకు విలువ వచ్చింది.

ఏ ఏడాదో తేల్చుకోలేకపోతున్నవారికి 1870 నుంచి 1885 వరకు ఉన్న కాలాన్ని నేను సూచిస్తాను. రైళ్లున్నాయి, తంతి ఉంది, గ్యాసు దీపాలున్నాయి, ఇంటెడు పనివాళ్లున్నారు. పెళ్లయిన స్త్రీల ఆస్తి హక్కు మీద 1870లోనూ 1882లోనూ వచ్చిన చట్టాల మూలంగా కుటుంబాల్లో తగాదాలకూ కొదవ లేదు.

ఇల్లు, జీతాలు, మెట్లు

తరువాతి పని ఇంటి ఆదాయం నిర్ణయించడం. ఇసబెల్లా బీటన్ 1861లో వెలువరించిన గృహనిర్వహణ గ్రంథం ఈ విషయంలో తిరుగులేని సహాయకారి. ఏడాదికి వెయ్యి పౌన్ల ఆదాయం ఉన్న కుటుంబం ఒక వంటమనిషిని, ఇద్దరు గది పనమ్మాయిలను, ఒక పిల్లల ఆయాను, ఒక మగ నౌకరును పెట్టుకోవచ్చునని, నూట యాభై, రెండు వందల పౌన్ల వాళ్లు అన్ని పనులూ చేసే ఒక్క అమ్మాయితో సరిపెట్టుకోవాలని ఆమె లెక్క కట్టింది. వంటమనిషి జీతం ఏడాదికి 14 నుంచి 30 పౌన్లు, గది పనమ్మాయికి 12 నుంచి 20, అంట్లు తోమే పిల్లకు 5 నుంచి 9. బట్లరుకు 25 నుంచి 50 దాకా ముట్టేది. మగ నౌకర్ల మీద సర్కారుకు పన్ను కూడా కట్టాలి గనుక, తలుపు తీసేవాడు మగవాడైతే ఆ ఇంటి హోదా వీధి వీధంతా చాటినట్టే.

మొదటి కథకు కోటల వంటి భవనాలు వద్దు. నలభై మంది పనివాళ్లున్న ఇంట్లో రచయితే దారి తప్పుతాడు, పాఠకుడి సంగతి చెప్పనే అక్కరలేదు. అయిదుగురు పనివాళ్లున్న లండన్ ఇల్లు చాలు. దాని నక్షా ఒక కాగితం మీద గీసుకోండి. నేల మట్టానికి దిగువన వంటగది, అంట్ల గది, బొగ్గు నేలమాళిగ. వీధి నుంచి అక్కడికి దిగడానికి సామానువాళ్ల మెట్లు. మధ్య అంతస్తుల్లో యజమానుల గదులు. అన్నిటికన్నా పైన, కప్పు కింద, చలికాలం కూడా నిప్పు ఎరగని పనమ్మాయిల గది. ఈ రెండు లోకాలనూ కలిపేది వెనుక మెట్లదారి. వంటగది బయట గోడ మీద వరసగా గంటలుంటాయి. ఏ గదిలో తాడు లాగితే ఆ గది గంట స్ప్రింగు మీద ఊగి మోగుతుంది, మోత ఆగిన తరువాత కూడా కాసేపు ఊగుతూనే ఉంటుంది, ఏ గది వాళ్లు పిలిచారో ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా తెలియాలని ఆ ఏర్పాటు. తాళం వేసి ఉన్న గది గంట ఊగుతూ కనబడితే కథకు అంతకు మించిన ప్రారంభం ఏం కావాలి?

ఎవరిని పరిశోధకులుగా పెట్టాలి

ఒక్కొక్క పనికి ఒక్కొక్క చూపు ఉంటుంది, ఒక్కొక్క గుడ్డితనమూ ఉంటుంది. తలుపు తీసే నౌకరుకు ఎవరు వచ్చారో, ఎవరి విజిటింగ్ కార్డు మూల మడిచి ఉందో, ఎవరికి అమ్మగారు ఇంట్లో లేరని చెప్పమన్నారో తెలుసు. కాని పడకగదుల్లో సంగతి తెలియదు. దొరసాని తల దువ్వే లేడీస్ మెయిడ్‌కు రహస్యాలన్నీ తెలుసు, అందుకే మిగిలిన పనివాళ్లు ఆమె ముందు నోరు విప్పరు. వంటమనిషి గడప దాటదు, అయినా లోకమంతా ఆమె గడపకే వస్తుంది. మాంసం కొట్టువాడు, పాలవాడు, చేపలవాడు, చిమ్నీ దులిపేవాడు పక్కింటి కబుర్లన్నీ మోసుకొస్తారు. 1857లో గ్లాస్గోలో మడెలిన్ స్మిత్ విషప్రయోగం కేసును గుర్తుచేసుకోండి. ఆమెకు ప్రియుడి ఉత్తరాలు ఇంటి పనమ్మాయి పేరు మీద వచ్చేవి. తల్లిదండ్రులకు తెలియని సంగతి వంటింటికి తెలుసు.

నా మటుకు నేను గది పనమ్మాయినే ఎన్నుకుంటాను. ఇల్లంతా నిద్రలో ఉండగా అన్ని గదుల్లోకీ వెళ్లే హక్కు ఆమెకు ఒక్కదానికే ఉంది. ఆమె ఉదయాన్ని కొంచెం దగ్గరగా చూడండి. తెల్లవారక ముందే లేచి, చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని కిందికి దిగుతుంది. వాడిన టీ ఆకును పిండి, ఇంకా తడిగా ఉండగానే తివాచీ మీద చల్లుతుంది, అది దుమ్మును పట్టి ఉంచుతుంది గనుక. ఆ తరువాత ఊడుస్తుంది. పొయ్యి ముందు గోనెగుడ్డ పరిచి మోకాళ్ల మీద కూర్చుని, రాత్రి బూడిదను ఎత్తి, సగం కాలిన బొగ్గును ఏరి, ఇనుప కమ్మీలకు నల్లసీసం పూసి మెరిసేదాకా తోమి, కొత్త నిప్పు పేరుస్తుంది. ఈ వరసలో ఎక్కడ వేలు పెట్టినా కథకు సరుకు దొరుకుతుంది. కాగితం కాలిన బూడిద పొరలు పొరలుగా ఉంటుంది, బొగ్గు బూడిద అలా ఉండదు. తడి సిరాను అద్దే కాగితం మీద తిరగబడిన అక్షరాలు కనబడతాయి. దీపాల్లో నూనె నింపే అమ్మాయికి నిన్న రాత్రి ఏ గదిలో దీపం ఎంతసేపు వెలిగిందో అంచనా ఉంటుంది. యజమాని తాను పదింటికే పడుకున్నానని ఇన్‌స్పెక్టరుతో చెప్పవచ్చు. ఖాళీ అయిన నూనెబుడ్డి మరొక మాట చెబుతుంది.

ఆ ఉదయాన్ని నిజంగా బతికిన మనిషి మాటల్లోనే వినాలనుకునేవారికి హన్నా కల్విక్ దినచర్య ఉంది. 1833లో పుట్టి, ఎన్నో ఇళ్లలో పనిచేసిన ఆవిడ ఎన్ని పొయ్యిలు తుడిచిందీ, ఎన్ని జతల బూట్లు తోమిందీ రోజువారీగా రాసిపెట్టింది. సరదా కథ రాసేవారు కూడా ఆ రాతల్లో కొన్ని పేజీలు చదివితే, తమ కథానాయిక మధ్యాహ్నం పూట తీరిగ్గా ఆధారాల మీద ఆలోచిస్తూ కూర్చునే సన్నివేశాన్ని వాళ్లే కొట్టేస్తారు.

ఒక కథను అల్లి చూద్దాం

సూత్రాలు ఎన్ని చెప్పినా ఒక కథ అల్లి చూస్తే గానీ బోధపడదు. 1879 జనవరి, లండన్ బ్లూమ్స్‌బరీలో ఒక ఇల్లు. వయసు మళ్లిన వర్తకుడు రొమ్ము పడిశంతో సహజంగానే మరణించాడు. పిల్లలు లేరు, ఇంట్లో ఉండి ఆయనను చూసుకున్న మేనకోడలు ఒకరు, అప్పుడప్పుడు భోజనానికి వచ్చి పోయే అన్న కొడుకు ఒకడు. ఆస్తి అంతా మేనకోడలికి వస్తుందని ఇంట్లో అందరూ అనుకుంటుండగా, 1877 మే నెల తేదీతో ఒక విల్లు బయటపడింది. అందులో సర్వం అన్న కొడుకుకే. సాక్షులుగా అప్పట్లో ఆ ఇంట్లో ఉన్న మగ నౌకరు, వంటమనిషి సంతకాలు చేశారు. నౌకరు న్యూజిలండు వలసపోయాడు. వంటమనిషి 1878 అక్టోబరులో చనిపోయింది. అడుగుదామంటే ఇద్దరూ లేరు.

ఇక్కడ చట్టం కొంచెం తెలిసి ఉండాలి. 1837 నాటి విల్లుల చట్టం ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండగా విల్లు రాసిన వ్యక్తి సంతకం చేయాలి. సాక్షి సంతకం చేసినవారికి ఆ విల్లులో ఏదైనా రాసి ఉంటే అది చెల్లదు. పెళ్లి చేసుకుంటే అంతకు ముందు రాసిన విల్లు రద్దవుతుంది. ఈ మూడు నియమాల్లో ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క నవల నడపవచ్చు. ఉదాహరణకు, అయ్యగారు గంట కొట్టి బట్లరునూ వంటమనిషినీ పైకి పిలిచి కాగితం మీద సంతకం పెట్టమన్నారంటే, తమకు చిల్లిగవ్వ కూడా రాలేదని ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసిపోతుంది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెల మోత మామూలుగా ఉండదు.

మన కథలో చిక్కు వేరు. చనిపోయిన వంటమనిషికి రాయడం రాదు. అందరికీ బడి అందించాలని చూసిన 1870 నాటి విద్యాచట్టానికి ఎంతో ముందు పెరిగిన మనిషి; పద్దులన్నీ ఆమె చెబుతుంటే గది పనమ్మాయి రాసేది. జీతాల పుస్తకంలో మూడు నెలలకొకసారి ఆమె పెట్టింది అడ్డగీతల గుర్తే. పెద్దాయనకు అది తెలుసు. అప్పుడప్పుడు వచ్చి విందు తిని, వంట బాగుందని కబురు పంపి వెళ్లిపోయే అన్న కొడుకుకు తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు. దొంగ విల్లు మీద అతడు ఆమె పేరును గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాశాడు.

ఈ ఆధారాన్ని పాఠకుడి కళ్ల ముందే ఉంచి అతడు గమనించకుండా చేయడం మన పని. దానికి నవ్వును మించిన తెర లేదు. ఇంగ్లండులో జీతాలు మూడు నెలల గడువు దినాల్లో ఇచ్చేవారు: మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25. పెద్దాయన బతికి ఉన్నప్పటి క్రిస్మసు జీతాల సన్నివేశం మొదటి అధ్యాయంలో పెట్టండి. ఇలా నడవవచ్చు:

కొత్త వంటమనిషి పుస్తకం మీదికి వంగి చూసి, “ఈ గీతకు తోకేమిటమ్మాయ్?” అంది.

“పెద్దావిడదండి. చేసేది ఎప్పుడూ అంతే, కలం ఎత్తబుద్ధయ్యేది కాదు. చేపల పులుసు కూడా అలాగే, దించమంటే దించేది కాదు.”

“సిరాకు కూడా డబ్బులు అవుతాయి,” అన్నారు అయ్యగారు తల ఎత్తకుండా.

పనమ్మాయి ఆ తోక కిందే తన పేరు రాసి, నాలుగు పౌన్లు ఏప్రన్ జేబులో వేసుకుంది.

పాఠకుడు తోకకు నవ్వి, పిసినారి ముసలాయనకు మరొకసారి నవ్వి ముందుకు వెళ్లిపోతాడు. సెప్టెంబరు జీతం దాకా ఆమె గుర్తు పెట్టిందనే సంగతి అతని కళ్ల ముందుగానే దాటిపోయింది.

రెండో ఆధారం పొయ్యిది. పెద్దాయన పోయినప్పటి నుంచి మూసి ఉన్న రాతగదిలో, తాను పేర్చని నిప్పు ఒకటి రాత్రికి రాత్రి మండినట్టు ఒక ఉదయం ఆమె గమనిస్తుంది. బొగ్గు బూడిద లేదు, పొరలు పొరలుగా కాగితం బూడిద ఉంది. అంతకు నాలుగు రోజుల ముందు తాను నల్లసీసం పూసి మెరిపించిన కమ్మీ మీద కాగితాలకు ముద్ర వేసే ఎర్రటి లక్క చుక్క ఒకటి గడ్డకట్టి ఉంది. అసలు విల్లు ఏమైందో ఆ చుక్క చెబుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినా ఈ చుక్కను చూసేవాడే కాడు. చూసినా అది నిన్నటిదో నిరుటిదో చెప్పగలిగేది తోమిన చేయి మాత్రమే.

ఇంతవరకు బాగానే ఉంది. ఆమెకు విల్లు చూసే దారేది? పనివాళ్లను పిలిచి ఎవరూ విల్లు చూపించరు. అయితే కోర్టులో రుజువైన విల్లులను ఒక షిల్లింగు, అంటే పౌనులో ఇరవయ్యో వంతు, కట్టి అప్పట్లో ఎవరైనా చూడవచ్చు. 1874 నుంచి అవి స్ట్రాండు వీధిలోని సోమర్‌సెట్ హౌస్‌లో ఉండేవి. ఏడాదికి 16 పౌన్ల జీతగత్తెకు ఒక షిల్లింగు అంటే ఒక రోజు జీతం పైమాటే. పైగా ఆమెకు బయటికి వెళ్లే వీలు దొరికేది ఆదివారం, ఆ రోజు కార్యాలయం మూసి ఉంటుంది. మామూలు డిటెక్టివు ఒక్క వాక్యంలో ముగించే పనికి ఈమెకు ఒక అధ్యాయం పడుతుంది: పనిరోజున బయటికి పంపేలా వంటమనిషిని ఒప్పించాలి, జాజికాయలు అయిపోయాయని వంక పెట్టాలి, రాతలు చూపించే గుమాస్తా ఎగాదిగా చూసినా బెదరకుండా నిలబడాలి, సాయంత్రం టీ గంట మోగేలోపు తిరిగి రావాలి, ముఖ్యంగా జాజికాయలు కొనడం మరచిపోకూడదు. ఈ అధ్యాయాన్ని తొందరపడి కుదించవద్దు. పాఠకులు ఇటువంటి కథలు చదివేదే దీనికోసం.

ఏం పోతుందో చెప్పాలి

సరదా కథ అయినంత మాత్రాన ప్రమాదమే లేకుండా పోకూడదు. పనివాళ్లకు ఉరికంబం కన్నా దగ్గరి భయం మరొకటుంది. ఒక ఇంట్లో మానేసి మరొక ఇంట్లో చేరాలంటే పాత యజమాని ఇచ్చే నడవడి పత్రం కావాలి. అది ఇచ్చి తీరాలని యజమానిని నిర్బంధించే చట్టం లేదు, దొంగపత్రం పుట్టిస్తే మాత్రం 1792 నాటి చట్టం కింద శిక్ష ఉంది. పత్రం లేకుండా గెంటేస్తే ఆ అమ్మాయికి జీతమూ పోతుంది, గూడూ పోతుంది, ఇంకొక గడప తొక్కే వీలూ పోతుంది. మన కథలో అన్న కొడుకు ఆమె మీద అనుమానం రాగానే చేసే పని కూడా ఇదే అయి ఉండాలి. వెండి నశ్యం డబ్బీ కనబడలేదంటాడు, పనివాళ్ల పెట్టెలు తెరిపించమంటాడు. పనమ్మాయికి తనదంటూ తాళం వేసుకోగలిగినది ఆ పెట్టె ఒక్కటే. దాన్ని నలుగురి ఎదుట తెరిపించే సన్నివేశంలో హాస్యాన్ని కాసేపు పక్కన పెట్టండి.

పోలీసుల దగ్గరికి ఆమె వెంటనే పరుగెత్తకపోవడానికి కారణం కూడా పాఠకుడికి తెలియాలి. 1840లో లార్డ్ విలియం రస్సెల్‌ను ఆయన సొంత నౌకరు కూర్వాజియే చంపి ఉరికెక్కిన నాటి నుంచి, ఇంట్లో ఏం జరిగినా మొదటి చూపు కింది అంతస్తు మీదే పడేది. అందువల్ల ఆమెకు మేడ మీద ఒక అండ కావాలి. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే గవర్నెస్ అయితే బాగుంటుంది, ఎందుకంటే ఆమె పైవాళ్లకూ చెందదు, కిందివాళ్లకూ చెందదు. మన కథలో మేనకోడలు ఉండనే ఉంది. హత్య ఉన్న కథ అయితే చావుకు కారణం తేల్చే కరోనర్ విచారణను వాడుకోండి. ఆ కాలంలో అది తరచు దగ్గరలోని సారాయి అంగడి మేడగదిలో జరిగేది. పనమ్మాయిల మీద పెత్తనం చేస్తూ, తాగుడు పాపమని రోజూ ప్రార్థనలో చెప్పే హౌస్‌కీపరు సాక్ష్యం కోసం ఆ మెట్లు ఎక్కవలసి రావడాన్ని ఏ రచయితా వదులుకోడు.

నవ్వు ఎక్కడినుంచి రావాలి

పనివాళ్ల అజ్ఞానం మీద నవ్వించే కథలు ఎన్నో ఉన్నాయి, వాటిని చేర్చుకోవద్దు. నవ్వు కింది అంతస్తులోని పటాటోపం నుంచి రావాలి. ఆ లోకంలో కులీనత మేడ మీది కన్నా కఠినం. భోజనాల వరస, కుర్చీల వరస, ఎవరు ఎవరికి తలుపు తీయాలన్న వరస ఉంటాయి. పెళ్లి కాకపోయినా హౌస్‌కీపరును మిసెస్ అనే పిలవాలి. కొత్తగా చేరిన నౌకరుకు అసలు పేరేదైనా, ఆ ఇంట్లో నౌకర్లందరినీ జేమ్స్ అనడం అలవాటైతే అతడూ జేమ్స్ అయిపోతాడు. చనిపోయిన జేమ్స్, పారిపోయిన జేమ్స్, ఇప్పటి జేమ్స్ అని ముగ్గురుంటే ఇన్‌స్పెక్టరు నోట్‌బుక్ ఏమవుతుందో ఊహించండి. పై రాబడి తగాదాలు మరొక గని. మాంసం కొవ్వు అమ్ముకునే హక్కు వంటమనిషిది, కొవ్వొత్తి ముక్కలు బట్లరువి, దొరసాని విడిచిన గౌన్లు లేడీస్ మెయిడ్‌వి. మాయమైన కొవ్వొత్తి ముక్కల కోసం బట్లరు జరిపే పరిశోధన, అసలు నేరం మీద పనమ్మాయి జరిపే పరిశోధన పక్కపక్కన నడిచి, చివరికి ఒకదానికొకటి తగలాలి.

తెలుగులో రాసేటప్పుడు మన భాషలోని మర్యాదల మెట్లు ఇక్కడ బాగా కలిసివస్తాయి. బట్లరు అంట్లు తోమే పిల్లను “నువ్వు” అంటాడు, ఆ పిల్ల అతన్ని “మీరు” అని తప్ప అనదు. గది పనమ్మాయి ఆ పిల్లతో చనువుగా మాట్లాడి, మరుక్షణం వంటమనిషితో “అండి” చేర్చి మాట్లాడుతుంది. కోపం వచ్చినప్పుడు ఒక్క “మీరు” జారి “నువ్వు” అయితే అది కూడా ఆధారమే కావచ్చు. అయితే వాళ్ల చేత మన పల్లెటూరి యాస మాట్లాడించవద్దు, సామెతలు కూడా ఆచితూచి వాడండి. లండన్ వంటింట్లో ఉగాది పచ్చడి వాసన రాకూడదు.

తెలుగు మనిషినే ఆ ఇంట్లో పెట్టాలన్న కోరిక ఉంటే దానికి న్యాయమైన దారి ఒకటి ఉంది. దొరల కుటుంబాలు ఇండియా నుంచి ఓడల్లో స్వదేశానికి వెళ్లేటప్పుడు పిల్లలను చూసుకోవడానికి ఆయాలను వెంటతీసుకుపోయేవి. దిగిన తరువాత తిరుగు ప్రయాణం కుదరక దిక్కులేకుండా మిగిలిపోయిన ఆయాల కోసం లండన్‌లోని ఆల్డ్‌గేట్‌లో ఒక వసతి గృహం ఉండేది. 1900లో అది హాక్నీకి మారింది. మచిలీపట్నంలోనో కాకినాడలోనో దొర ఇంట్లో చేరి, మద్రాసు రేవు దాటి వచ్చిన ఆయా ఒకామె మీ పరిశోధకురాలు కావడానికి అభ్యంతరమేమీ లేదు. ఆమెకు ఇంగ్లీషు రాదనుకుని ఆమె ముందే అన్నీ మాట్లాడేసుకునే దొరలు మీకు బోలెడు ఆధారాలు సమర్పించుకుంటారు. చలి, బూట్లు, ఉప్పు లేని కూరలు ఒకటి రెండుసార్లు చాలు. ప్రతి అధ్యాయంలో ఆమె చేత వణికించనక్కరలేదు.

ముగింపు విషయంలో రెండు జాగ్రత్తలు. నిజం బయటపెట్టే సభలో పనమ్మాయి నిలబడి గంటసేపు ఉపన్యసిస్తే ఎవరూ నమ్మరు. ఆమె చేయవలసిందల్లా, లాయరు ఎదుట మేనకోడలు అడిగినప్పుడు జీతాల పుస్తకం తెచ్చి, 1877 జూన్ పేజీ తెరిచి బల్ల మీద పెట్టడం. తోక ఉన్న గుర్తును చూసి అన్న కొడుకు ముఖం పాలిపోవడం తక్కిన పని చేస్తుంది. రెండోది ఆమె బహుమానం. ఆమెను జమీందారు కొడుక్కిచ్చి పెళ్లి చేయవద్దు. గౌను మారిస్తే ఆమె చూపు పోతుంది, మీకు రెండో కథ ఉండదు. మేనకోడలు ఇంటి యజమానురాలైన తరువాత జీతం 16 నుంచి 20 పౌన్లకు పెంచి, టీ పంచదారలు వేరేగా ఇప్పించి, పనిరోజుల్లో నెలకొక పూట సెలవు ఇస్తే చాలు. ఆ సెలవు పూట ఆమె ఎక్కడికి వెళుతుందో, పక్కింటి జేమ్స్ ఎందుకు మాయమయ్యాడో తరువాతి కథలో రాసుకోవచ్చు.